దేవుడి పేరు చెప్పి తలుపుకు తాళం

రామసముద్రం: విశాఖపట్నంలో బయలుదేరి తిరుపతి మీదుగా కడపకు పోయే తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో 2023 జూన్ రెండో వారంలో ఒక పదిహేనేళ్ల బాలిక ఒంటరిగా ఎక్కింది. రైలు కదిలిన తరువాత తోటి ప్రయాణికురాలికి తన గోడు చెప్పుకుంది. ఆ మహిళ "మనకెందుకు వచ్చిన గొడవ" అని మొహం తిప్పుకుని వుంటే ఈ సంగతి బయటి లోకానికి తెలిసేదే కాదు. ఆమె మొహం తిప్పుకోలేదు. పిల్లను వెంటబెట్టుకుని కృష్ణా జిల్లా కంకిపాడులోని ఒక హాస్టలుకు తీసుకుపోయింది. పోలీసుల చీటీ లేనిదే చేర్చుకోవడం కుదరదని హాస్టలు వారు చెప్పారు. దాంతో ఇద్దరూ కంకిపాడు పోలీసు స్టేషను మెట్లెక్కారు. అక్కడి నుంచి బాలల సంక్షేమ కమిటీకి, అటు నుంచి విజయవాడ దిశ పోలీసు స్టేషనుకు విషయం చేరింది.

ఆ బాలిక విశాఖపట్నం వెంకోజీపాలెంలోని జ్ఞానానంద ఆశ్రమం నుంచి తప్పించుకుని వచ్చింది. చిన్నతనంలోనే తల్లిదండ్రులు పోయారు. అయినవారు కొన్నాళ్లు సాకి, అయిదో తరగతి వరకు చదివించి, తరువాత ఆశ్రమంలో వదిలారు. దిక్కులేని పిల్లకు గుడినీడ దొరుకుతుందని, నాలుగు మంచి మాటలు నేర్చుకుంటుందని అనుకున్నారు. ఇందులో వారిని తప్పుపట్టవలసింది ఏముంది? మన వైపు పల్లెల్లో కూడా తల్లీతండ్రీ లేని బిడ్డను గురించి మొదట వచ్చే ఆలోచన ఇదే. ఏ మఠంలోనో, మిషను హాస్టల్లోనో, మదరసాలోనో చేర్పిస్తే పూట గడుస్తుంది, బుద్ధీ అబ్బుతుంది అంటారు.

బాలిక పోలీసులకు చెప్పినది వేరు. మొదట పశువులకు మేత వేయించడం, పేడ ఎత్తించడం వంటి పనులు చేయించారట. ఆ తరువాత ఒక ఏడాదిగా ఆశ్రమ నిర్వాహకుడైన స్వామి పూర్ణానంద సరస్వతి తనను తన గదిలోనే గొలుసులతో కట్టి వుంచి అత్యాచారానికి పాల్పడుతూ వచ్చారని ఆమె ఫిర్యాదు. పూటకు రెండు చెంచాల అన్నం నీళ్లలో కలిపి పెట్టేవారని, స్నానం రెండు వారాలకు ఒకసారేనని కూడా ఆమె చెప్పినట్లు అప్పటి వార్తలు. చివరకు అక్కడి పనిమనిషి సాయం చేస్తే బయటపడింది.

జూన్ 20 నాటికి స్వామిని పోలీసులు అరెస్టు చేశారు. ఆరోపణలను ఆయన కాదన్నారు. ఆశ్రమం భూముల మీద కన్నువేసినవారు పన్నిన కుట్ర ఇదని చెప్పుకొచ్చారు. ఫిర్యాదులోని నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానమే. అయితే పల్లెవారు గమనించవలసిన సంగతి ఒకటుంది. బాలిక కనిపించడం లేదంటూ విశాఖ పోలీసులకు ముందుగా ఫిర్యాదు చేసింది ఆశ్రమం వారే. పిల్ల రైలెక్కిన రెండు మూడు రోజుల్లోనే ఆ కాగితం స్టేషనుకు చేరింది. పారిపోయి వచ్చిన పిల్లను వెతుకుతూ వచ్చినవారు ఎంత పెద్దమనుషుల్లా కనిపించినా, పిల్లను వారి చేతిలో పెట్టే ముందు పిల్ల మాట వినవలసి వుంటుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

మరొక సంగతి కూడా వుంది. నేరం జరిగిందన్న చోటు విశాఖపట్నం. ఫిర్యాదు తీసుకున్నది విజయవాడ. "ఇది మా హద్దు కాదు, అక్కడికే పొండి" అని పిల్లను తిప్పి పంపించలేదు. నేరం ఎక్కడ జరిగినా, ఎక్కడి స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకుని తరువాత సంబంధిత స్టేషనుకు బదిలీ చేయవచ్చు. దీనిని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షనులో దీనిని చట్టంగానే రాశారు. రామసముద్రం వంటి మండలానికి ఇది ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు. మండలం ఎల్లలు దాటితే కర్ణాటక. పిల్లనిచ్చేది అటు, తెచ్చుకునేది ఇటు, టమోటా గంపలు పోయేది అటూ ఇటూ. ముళబాగిలు పక్కన ఏదైనా జరిగినా రామసముద్రం స్టేషనులో ఫిర్యాదు ఇచ్చుకోవచ్చు.

మదనపల్లె మరిచిపోని రాత్రి

విశాఖ దూరం అనుకుంటే మదనపల్లె దగ్గరే. 2021 జనవరి 24 ఆదివారం నాటి రాత్రి మదనపల్లె శివనగర్‌లో జరిగిన ఘోరం ఈ ప్రాంతంలో ఎరగనివారు లేరు. 27, 22 ఏళ్ల వయసున్న ఇద్దరు అక్కచెల్లెళ్లు సొంత ఇంట్లో హతమయ్యారు. చంపినవారు కన్న తల్లిదండ్రులేనని పోలీసులు కేసు పెట్టారు. తల్లిదండ్రులిద్దరూ చదువు చెప్పే వృత్తిలో వున్నవారే. పిల్లలూ పెద్ద చదువులు చదివినవారే. అంతకు కొద్ది నెలల ముందే ఆ కుటుంబం కొత్తగా కట్టుకున్న ఆ ఇంట్లో దిగింది.

కలియుగం ముగిసి సోమవారం తెల్లవారితే సత్యయుగం మొదలవుతుందని, బిడ్డలు మళ్లీ లేచి కూర్చుంటారని తల్లిదండ్రులు నమ్మారు. లోపలికి వచ్చిన పోలీసులకు కూడా అదే చెప్పారు. తరువాత వారిని తిరుపతి రుయా ఆసుపత్రికి, ఆపైన విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకు తరలించారు. అది మూఢనమ్మకమా, మతి చలించడమా అని అప్పట్లో టీ కొట్ల దగ్గర వాదులాడుకోనివారు లేరు. రెండూ ఒకదానిలో ఒకటి ఎప్పుడు కలిసిపోయాయో ఆ ఇంట్లోవారికే తెలియకపోయి వుండవచ్చు.

ఆ ఇల్లు అడవిలో లేదు. పట్టణంలో, నలుగురి మధ్యే వుంది. కరోనా రోజులు కావడంతో ఎవరి ఇంటికి ఎవరూ పోలేదు. చుట్టాల రాకపోకలు తగ్గాయి. ఇంట్లో ఏ పూజలు జరుగుతున్నాయో, పిల్లలు ఏ భయంతో వున్నారో చూసి చెప్పే మూడో మనిషి లేకపోయాడు. ఊరికి మైలు దూరంలో తోటలో కట్టుకున్న ఇల్లే ఒంటరి ఇల్లని అనుకుంటాము. పలకరించేవాడు లేకపోతే వీధి మధ్యనున్న ఇల్లు కూడా ఒంటరిదే.

ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెత మన వైపు మాటకు ముందు వస్తుంది. పక్కింట్లో నాలుగు రోజులుగా కోడలు కనిపించడం లేదన్నా, రాత్రిళ్లు కేకలు వినిపిస్తున్నాయన్నా "వాళ్లింటి గుట్టు మనకెందుకు" అని ఊరుకుంటారు. అదే పక్కింటివాడి ఆవు పొలంలో పడితే మాత్రం పంచాయతీ పెట్టకుండా ఊరుకోరు.

గొలుసు కట్టి ప్రార్థనకు వదిలిన చోటు

మతి సరిగా లేనివారిని, గాలి సోకిందని అనుకున్నవారిని దర్గాకో, గుడికో, ప్రార్థనల ఇంటికో తీసుకుపోయి కొన్నాళ్లు అక్కడ వుంచే అలవాటు అన్ని మతాలవారిలోను వుంది. నయం కావాలన్న ఆశతోనే తీసుకుపోతారు. వైద్యం ఖర్చు భరించలేకపోవడం ఒకటి, పిచ్చాసుపత్రి అన్న పేరు పడితే ఇంట్లో ఆడపిల్లలకు పెళ్లి కాదన్న భయం మరొకటి. తమిళనాడు రామనాథపురం జిల్లా ఏర్వాడికి ఆ విధంగానే దూరదూరాల నుంచి జనం వచ్చేవారు. దర్గా చుట్టుపక్కల ప్రైవేటు మనుషులు పాకలు వేసి, రోగులను నెలసరి లెక్కన వుంచుకునేవారు. రోగి పారిపోకుండా కాలికి గొలుసు వేసి మంచానికో, గుంజకో కట్టేవారు. అయినవారు డబ్బు కట్టి ఊరికి తిరిగి పోయేవారు.

2001 ఆగస్టు 6 తెల్లవారుజామున అటువంటి ఒక పాకకు నిప్పంటుకుంది. లోపలివారు కేకలు వేశారు గాని గొలుసులు తెంచుకోలేకపోయారు. మొత్తం 28 మంది చనిపోయారు. తరువాత అక్కడి అటువంటి పాకలన్నిటినీ ప్రభుత్వం మూయించింది. సుప్రీంకోర్టు తనంతట తానుగా ఆ విషయం చేపట్టింది. ఆ తరువాత వచ్చిన మానసిక ఆరోగ్య రక్షణ చట్టం, 2017లో 95వ సెక్షను రోగిని ఏ విధంగాను గొలుసుతో కట్టరాదని స్పష్టంగా చెబుతోంది. గుడి అయినా, దర్గా అయినా, ప్రార్థనాలయం అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఇందులో మినహాయింపు లేదు. అయినవారి ఇంట్లో రోగిని హింసిస్తున్నారని, పట్టించుకోకుండా వదిలేశారని తెలిసినప్పుడు పోలీసు అధికారి మేజిస్ట్రేటుకు తెలియజేయవలసి వుందని అదే చట్టంలోని 101వ సెక్షను అంటోంది. ఈ సెక్షను సంగతి పల్లెల్లో ఎవరికీ చెప్పినవారు లేరు.

మదనపల్లె, తిరుపతి ప్రభుత్వాసుపత్రులకు బస్సు ఛార్జీలు పెట్టుకుని పోవడం కన్నా దర్గాలో 40 రోజులు వుంచడమే తేలిక అనుకునేవారిని చూసి నవ్వడం సులభం. ఆసుపత్రిలో రోగి పక్కన ఇంటి మనిషి ఒకరు వుండాలి. కూలికి పోతే గాని పొయ్యి వెలగని ఇంట్లో ఆ ఒకరు ఎవరు? ఏర్వాడి పాకలవాడు ఈ ఇబ్బందినే పెట్టుబడిగా పెట్టుకున్నాడు. మీరు పొండి, మేము చూసుకుంటాము అన్నాడు.

తాళం లేని గది

చదువులేనివారే ఇటువంటి వలలో పడతారని అనుకుంటే పొరబాటు. తెలంగాణకు చెందిన ఒక దంపతుల కుమార్తె ఉన్నత చదువులు చదివి, ఢిల్లీలోని రోహిణి ప్రాంతం విజయ విహార్‌లో వున్న ఆధ్యాత్మిక విశ్వవిద్యాలయం అనే ఆశ్రమంలో చేరింది. పేరుకు విశ్వవిద్యాలయం గాని అది ప్రభుత్వ గుర్తింపు వున్న విద్యాలయం కాదు. దానిని నెలకొల్పినవారు వీరేంద్ర దేవ్ దీక్షిత్. తల్లిదండ్రులు కూతురును చూడబోతే కోట గోడల వంటి గోడలు, ఇనుప తలుపులు ఎదురయ్యాయి. వారు ఢిల్లీ హైకోర్టు గడప ఎక్కారు.

2017 డిసెంబర్‌లో ఒక స్వచ్ఛంద సంస్థ వేసిన వ్యాజ్యంపై హైకోర్టు న్యాయవాదులతో, మహిళా కమిషన్ వారితో ఒక బృందాన్ని లోపలికి పంపించింది. వందకు పైగా స్త్రీలు, బాలికలు గొళ్లాలు వేసిన ఇనుప తలుపుల వెనుక, పశువులను కట్టివేసినట్లుగా వున్నారని, స్నానానికి కూడా చాటు లేదని ఆ బృందం కోర్టుకు తెలిపింది. దాదాపు 40 మంది బాలికలను బయటికి తెచ్చారు. కేసును కేంద్ర దర్యాప్తు సంస్థ సి.బి.ఐ.కి అప్పగించారు. కోర్టు రమ్మని ఆదేశించినా దీక్షిత్ హాజరు కాలేదు. పరారీలో వున్నట్లు ప్రకటించి సి.బి.ఐ. గాలించింది. 2022 ఏప్రిల్‌లో ఆశ్రమంలోని మహిళల బాగోగులు చూసేందుకు కిరణ్ బేడీ పర్యవేక్షణలో ఒక కమిటీని హైకోర్టు నియమించింది.

అన్నిటికన్నా బాధాకరమైనది అసలు దంపతుల కథ. కూతురు కోర్టుతో మాట్లాడింది. తాను ఇష్టపూర్వకంగానే అక్కడ వుంటున్నానని చెప్పింది. ఆమె మైనరు కాదు. చదువుకున్న మనిషి. మేజరైన స్త్రీ తాను ఇక్కడే వుంటానంటే ఈడ్చుకుని రమ్మని ఏ కోర్టూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా. ఇవాళ ఆశ్రమం నుంచి ఈడ్చుకురావచ్చునంటే, రేపు నచ్చిన పిల్లవాణ్ణి పెళ్లాడిన ఆడపిల్లను ఇంట్లో వేసి తాళం పెట్టే తండ్రికీ అదే హక్కు ఇచ్చినట్లవుతుంది. ఈ రెండో రకం తాళాలు మన జిల్లాలో మొదటి రకం కన్నా ఎక్కువే వుంటాయని ఒప్పుకోక తప్పదు.

మరి ఆ "ఇష్టం" ఎటువంటిది? ఇటువంటి చోట్ల జరిగే తంతు దాదాపు ఒకటే. మొదట ఆదరణ. వచ్చినవారికి పొరుగు ఊరి చుట్టానికి కూడా దొరకని మర్యాద దొరుకుతుంది. తరువాత ఇంటివారిని గురించి చిన్నచిన్న మాటలు. మీ నాన్నకు నీ సంపాదనే కావాలి, మీ అన్నకు దైవచింతన లేదు అంటారు. ఆపైన ఫోను తీసుకుంటారు, నిద్ర తగ్గిస్తారు, ఉపవాసాలు పెంచుతారు. ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం "భద్రంగా" దాచిపెడతారు. చివరిది భయం. గడప దాటితే శాపం తగులుతుందని, వంశం నాశనమవుతుందని, ప్రళయం రేపో మాపో అని చెబుతారు. అక్కడికి వచ్చిన తరువాత తలుపుకు గొళ్లెం పెట్టవలసిన పని వుండదు. తలుపు బార్లా తెరిచి పెట్టినా మనిషి కదలదు.

ఇది మన దేశానికో, ఒక మతానికో పరిమితమైన రోగం కాదు. దక్షిణ అమెరికాలోని గయానా దేశపు అడవిలో జిమ్ జోన్స్ అనే అమెరికన్ బోధకుడు తన పేరనే జోన్స్‌టౌన్ అనే ఊరు కట్టి, పీపుల్స్ టెంపుల్ శిష్యులను అక్కడికి చేర్చాడు. పాసుపోర్టులు లాగేసుకున్నాడు. లోపలివారి బంధువులు మొరపెట్టుకోగా లియో రయాన్ అనే అమెరికా పార్లమెంటు సభ్యుడు 1978 నవంబర్ 17న విలేఖరులను వెంటబెట్టుకుని అక్కడికి అతిథిగా పోయాడు. ఆ సాయంత్రం విందు పెట్టారు, పాటలు పాడారు, మేమంతా సుఖంగా వున్నామని చెప్పారు. ఆ సందడిలోనే ఎవరో ఒక చిన్న కాగితం ముక్క వచ్చినవారికి అందించారు. మమ్మల్ని ఇక్కడి నుంచి బయటికి తీసుకుపొమ్మని దాని సారాంశం. మరునాడు కొద్దిమందిని వెంటబెట్టుకుని విమానం ఎక్కబోతుండగా రయాన్‌ను కాల్చి చంపారు. ఆ సాయంత్రమే జోన్స్‌టౌన్‌లో విషం కలిపిన పానీయం తాగి, తాగించబడి 900కు పైగా మనుషులు చచ్చిపోయారు. వారిలో పిల్లలే సుమారు 300. పసిపిల్లలు తమ ఇష్టంతో తాగారని ఎవరంటారు?

సుఖంగా వున్నామన్న పాట, కాగితం ముక్క మీది మొర, రెండూ ఒకే రాత్రి ఒకే పందిట్లో వినిపించాయి. రోహిణి కేసులో కోర్టు తీసుకున్న దారి ఇందుకే ఆలోచించదగ్గది. మేజరైనవారిని బలవంతాన పంపించలేదు. కాని గోడల లోపలికి బయటివారి చూపు పోయేలా చేసింది. కూతురు ఇంటికి రాకపోయినా, ఎప్పుడైనా రాదలచుకుంటే అడ్డుకునేవారు లేకుండా చూడడం కొంతలో కొంత.

చట్టం ఏమంటుంది, ఎవరిని అడగాలి

మనిషిని కదలనివ్వకుండా నిర్బంధించడం నేరం. గతంలో భారత శిక్షాస్మృతి 340 నుంచి 348 వరకు సెక్షన్లు దీనికి వుండేవి. ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షను వుంది. మామూలు నిర్బంధానికి ఏడాది వరకు జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. మూడు రోజులు, ఆపైన అయితే శిక్ష మూడేళ్ల వరకు. పది రోజులు దాటితే అయిదేళ్ల వరకు. నిర్బంధించిన సంగతి అయినవారికి, అధికారులకు తెలియకుండా రహస్యంగా వుంచితే దీనికి తోడు మరో మూడేళ్ల వరకు వేయవచ్చు. నిర్బంధించినవాడు కాషాయం కట్టాడా, టోపీ పెట్టాడా, మెడలో శిలువ వేసుకున్నాడా అన్నది సెక్షనులో లేదు. కన్నతండ్రి అన్న మినహాయింపు కూడా లేదు.

పిల్లల విషయంలో చట్టం ఇంకా గట్టిది. అనాథ పిల్లలను వుంచుకునే ఏ ఆశ్రమమైనా, హోమ్ అయినా బాలల న్యాయ చట్టం, 2015లోని 41వ సెక్షను కింద రిజిస్టరు అయి తీరాలి. కాకపోతే నిర్వాహకుడికి ఏడాది వరకు జైలు గాని, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా గాని, రెండూ గాని వుంటాయి. బిడ్డను ఎక్కడైనా చేర్పించే ముందు "మీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించండి" అని అడిగితే స్వామివారికి కోపం రావచ్చు. రానివ్వండి. తప్పిపోయిన, దిక్కులేని పిల్ల ఎవరి కంటబడినా 24 గంటల్లోగా పోలీసులకు గాని, 1098 నెంబరుకు గాని, బాలల సంక్షేమ కమిటీకి గాని చెప్పవలసిన బాధ్యత ఆ చూసినవారి మీదే చట్టం పెట్టింది. పిల్ల మీద లైంగిక దాడి జరిగిందని తెలిసీ దాచిపెడితే పోక్సో చట్టం, 2012 కింద దాచినవారిదీ నేరమే. ఆ పిల్ల పేరు, ఊరు, ఫోటో బయటపెట్టడం మరో నేరం. మన ఊళ్లలో జరిగేది సరిగ్గా తలకిందులు. పోలీసులకు చెప్పరు గాని ఊరంతా చెబుతారు.

ఇక పెద్దవారిని ఎవరైనా ఇంట్లో, ఆశ్రమంలో, తోటలో తాళం వేసి వుంచారని అనుమానం వస్తే తలుపులు బద్దలు కొట్టడానికి గుంపుగా పోవలసిన పని లేదు. అలా పోయి కొట్లాటల్లో ఇరుక్కుని కేసులు మీద వేసుకున్నవారికి కష్టం తెలుసు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 100వ సెక్షను కింద జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా మొదటి తరగతి మేజిస్ట్రేటు సోదా వారంటు ఇవ్వవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఇది 97వ సెక్షను. ఫలానా చోట ఫలానా మనిషిని నిర్బంధించి వుంచారని నమ్మడానికి కారణం కనబడితే చాలు, వారంటు పట్టుకుని పోలీసులు లోపల వెతకాలి. మనిషి దొరికితే వెంటనే మేజిస్ట్రేటు ముందుకు తీసుకురావాలి. సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు అంటే పల్లెవారి భాషలో సబ్ కలెక్టరు లేదా ఆర్డీవో. పాసుపుస్తకం కోసం ఆ ఆఫీసు చుట్టూ వందసార్లు తిరిగినవారికి కూడా ఆయనకు ఈ అధికారం వుందన్న సంగతి తెలియదు.

అక్కడ పని కాకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ రిట్ వుంది. మనిషిని తెచ్చి మా ఎదుట నిలబెట్టండి అని కోర్టు ఆదేశించే రిట్ ఇది. అమరావతి దాకా పోవాలంటే, వకీలు ఫీజు పెట్టాలంటే సామాన్యుడి వల్ల అయ్యే పనేనా అని అడగవచ్చు. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం, 1987లోని 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, మానసిక వ్యాధిగ్రస్తులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలి. 15100 నెంబరుకు ఫోను చేసి అడగవచ్చు. ఆపద ముంచుకొస్తే 112, ఆడవారికి 181.

చేతబడులు, గాలి వదిలించడాలు, అమానుష ఆచారాల మీద కర్ణాటక ప్రభుత్వం 2017లో ప్రత్యేక చట్టం చేసి 2020 జనవరి నుంచి అమలులో పెట్టింది. అంతకు ముందే, మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపిన తరువాత మహారాష్ట్ర అటువంటి చట్టం తెచ్చింది. మదనపల్లెలో అక్కచెల్లెళ్లు చనిపోయేనాటికి మన రాష్ట్రంలో అటువంటి ప్రత్యేక చట్టం లేదు. రామసముద్రం మండలం పొలిమేర రాయికి అవతల గాలి వదిలిస్తానని మనిషిని హింసించేవాడి మీద పెట్టే సెక్షను, ఇవతల పెట్టడానికి వీలు లేకపోయింది.

మామూలు చట్టం మాత్రం రాయికి రెండువైపులా ఒకటే. సోదా వారంటు కోసం అచ్చు ఫారం ఏదీ అక్కరలేదు. తెల్ల కాగితం మీద మనిషి పేరు, వయసు, ఏ ఇంట్లో, ఎన్నాళ్లుగా వుంచారు, చివరిసారి ఎవరు ఎప్పుడు చూశారు, ఎందుకు అనుమానం అన్నవి రాసి సంతకమో, వేలిముద్రో వేసి ఇవ్వవచ్చు. ఒక నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని దగ్గర పెట్టుకోవాలి.